బేస్‌బాల్ మైదానంలో మన పిల్లలు పెద్ద జెండా పట్టుకోవాలా? సైనిక వందనాల సాయంత్రం మీద చర్చ

రవి_కమిటీ

అందరికీ నమస్కారం. మా తెలుగు సంఘం ఏటా వేసవిలో కుటుంబాలన్నీ కలిసి ఒక బేస్‌బాల్ ఆటకు వెళ్తుంది. ఈసారి జులై 4, అంటే అమెరికా స్వాతంత్ర్య దినం వారంలో వెళ్దామని బేస్‌బాల్ క్లబ్ వాళ్లతో మాట్లాడితే, గ్రూప్ టికెట్లు కొన్నవాళ్లకు ఒక అవకాశం ఉందన్నారు. ఆట మొదలయ్యే ముందు మైదానంలో పరిచే పెద్ద జెండా అంచుల్ని మన పిల్లలు పట్టుకోవచ్చట. ఆ సాయంత్రం సైనికుల గౌరవార్థం ప్రత్యేక కార్యక్రమం ఉంది. జాతీయగీతం ముగిసే సమయానికి యుద్ధ విమానాలు నెత్తి మీదుగా వెళ్తాయి. మధ్యలో ఒక మాజీ సైనికుణ్ణి పెద్ద తెర మీద చూపిస్తారు, జనం లేచి చప్పట్లు కొడతారు. ఏడో ఇన్నింగ్ విరామంలో అందరూ నిలబడి ‘గాడ్ బ్లెస్ అమెరికా’ అనే దేశభక్తి పాట పాడతారు.

ఇందులో గొడవపడేది ఏముందో నాకు అర్థం కాలేదు. వాట్సాప్‌లో పెట్టిన కాసేపటికే గ్రూపు రెండుగా చీలింది. ఒకరు ‘ఈ దేశంలో బతుకుతున్నాం, ఆ మాత్రం గౌరవం చూపించకపోతే ఎలా’ అన్నారు. ఇంకొకరు ‘మా పాప చేతికి జెండా ఇచ్చి ఆర్మీ ప్రకటన చేయించుకుంటారా’ అన్నారు. మాటలు మర్యాద దాటుతున్నాయని విషయాన్ని ఇక్కడికి తెచ్చాను. ఆదివారం కమిటీ తేల్చాలి. కాస్త విషయం తెలిసినవాళ్లు మాట్లాడండి.

చిన్నా_98

వెళ్దాం అన్నా. ఆట అర్థం కాకపోయినా నాచోస్ బాగుంటాయి.

గోదావరి_కుర్రోడు

రవి అన్నా, ఆ ‘మాత్రం గౌరవం’ ఎక్కడ మొదలైందో ముందు చూద్దాం. 1918 సెప్టెంబర్ 5, చికాగో. కబ్స్‌కూ బోస్టన్ రెడ్ సాక్స్‌కూ మధ్య వరల్డ్ సిరీస్, అంటే బేస్‌బాల్ ఫైనల్ పోటీల్లో మొదటి ఆట. మొదటి ప్రపంచ యుద్ధం నడుస్తోంది. మగవాళ్లు యుద్ధానికి పనికొచ్చే పనైనా చెయ్యాలి, లేదా సైన్యంలోనైనా చేరాలి అన్న ఆదేశం వల్ల ఆ ఏడు సీజన్‌నే కుదించారు. దిట్టంగా ఉన్న కుర్రాళ్లు యుద్ధానికి పోకుండా బంతాట ఆడుకుంటున్నారని జనం గుర్రుగా ఉన్నారు. ముందు రోజే ఆ ఊళ్లో ఫెడరల్ భవనంలో బాంబు పేలి మనుషులు చనిపోయారు. ఆట చూడ్డానికి వచ్చినవాళ్లలో ఉత్సాహం లేదు.

ఏడో ఇన్నింగ్ విరామంలో బ్యాండు ‘స్టార్ స్పాంగిల్డ్ బ్యానర్’ అందుకుంది. అప్పటికది జాతీయగీతం కాదు, ఆ హోదా 1931లో వచ్చింది. రెడ్ సాక్స్ ఆటగాడు ఫ్రెడ్ థామస్ నేవీ నుంచి సెలవు మీద వచ్చి ఆడుతున్నాడు. ఆయన జెండా వైపు తిరిగి సెల్యూట్ చేశాడు. ఒకరిద్దరితో మొదలై జనం గొంతు కలిపారు. బేబ్ రూత్ ఒక్క పరుగు కూడా ఇవ్వకుండా బౌలింగ్ చేసిన ఆట అది, అయినా మర్నాడు పత్రికలు ఆ పాట గురించి రాశాయి.

ఇంతవరకు బాగుంది. సిరీస్ బోస్టన్ వెళ్లాక ఆ జట్టు యజమాని హ్యారీ ఫ్రేజీ పాటను ఆట మొదట్లోకి జరిపాడు. గాయపడ్డ సైనికులకు ఉచితంగా టికెట్లిచ్చి పిలిపించాడు. ఆయన అసలు వృత్తి నాటకాల నిర్మాణం. ఏ సీను ఎక్కడ పండుతుందో ఆయనకు ఒకరు చెప్పక్కర్లేదు. ఐదో ఆట రోజు ఆటగాళ్లు తమ వాటా డబ్బు తేల్చందే దిగమని గంటసేపు మొండికేశారు. స్టాండ్స్‌లో గాయపడ్డ సైనికులు ఎదురుచూస్తున్నారని చెప్పి వాళ్లను మైదానంలోకి దింపారు. డబ్బు సంగతి తేలలేదు.

జనం మనసు, యజమాని లెక్క. ఆ సిరీస్‌లోనే రెండూ ఉన్నాయి. ఇప్పుడు ఏది ఎంత మిగిలిందన్నదే నా ప్రశ్న.

పద్మజ_శాన్‌డియాగో

కుర్రోడు గారూ, చరిత్ర బాగా చెప్పారు. కానీ యజమాని లెక్క ఉంది కాబట్టి మొత్తం నాటకమే అన్నట్టు మాట్లాడితే నాకు కష్టంగా ఉంటుంది. మా అబ్బాయి నేవీలో ఉన్నాడు.

మా ఊరి జట్టు పాడ్రెస్ 2000 నుంచి సైనికుల గౌరవార్థం సైనిక దుస్తుల్లాంటి మచ్చల రంగుల (క్యామఫ్లాజ్) జెర్సీలు వేస్తోంది. ఇప్పుడైతే ఆదివారం ఆటంటే ఆ జెర్సీయే. బయటివాళ్లకు అది ఫ్యాషన్‌లా కనిపించొచ్చు. మాది నేవీ, మెరైన్ల ఊరు. పక్కింట్లో ఒకరు, ఎదురింట్లో ఒకరు ఓడ మీద ఉంటారు. ట్రైనింగ్‌లో ఉన్న మెరైన్ కుర్రాళ్లు ఆదివారాలు పై స్టాండ్‌లో వరసగా వచ్చి కూర్చుంటారు. గుండు, బక్క ముఖాలు, పద్దెనిమిదేళ్ల పిల్లలు. వాళ్లను తెర మీద చూపించగానే స్టేడియం మొత్తం లేస్తుంది. ఆ పిల్లల ముఖాలు చూసినవాళ్లెవరూ ఇది ఉత్త మార్కెటింగ్ అనలేరు.

మా వాడి ఓడ బయల్దేరాక ఆఫీసులో ఒక్కరూ ‘ఎలా ఉన్నాడు’ అని అడగలేదు. అడగాలని వాళ్లకు తట్టదు, వాళ్ల ఇళ్లల్లో ఎవరూ సైన్యంలో లేరు కదా. స్టేడియంలో మాత్రం పక్కసీటు ముసలావిడ నా టోపీ మీద ఓడ పేరు చూసి నా చెయ్యి పట్టుకుంది. మన తెలుగు సంఘం పిక్నిక్‌లో ఏమన్నారో తెలుసా? ‘అయ్యో, ఇంజనీరింగ్ సీటు రాలేదా?’

2016 జులై 3న నార్త్ కరోలినాలో ఫోర్ట్ బ్రాగ్ సైనిక స్థావరంలోనే బ్రేవ్స్, మార్లిన్స్ ఒక అసలైన లీగ్ ఆట ఆడాయి. వాడకుండా వదిలేసిన గోల్ఫ్ కోర్స్‌లో, ఆ ఒక్క ఆట కోసం సుమారు 12,500 మంది పట్టే స్టేడియం కట్టారు. ప్రేక్షకులంతా సైనికులు, వాళ్ల ఇళ్లవాళ్లు. అలాంటివి కూడా గుర్తుంచుకోండి.

రిటైర్డ్_సుబేదార్

అమ్మా పద్మజా, ఆ పిక్నిక్ మాట చదివి నవ్వాను, బాధా కలిగింది. మీ అబ్బాయికి నా ఆశీస్సులు.

నాది పశ్చిమ గోదావరి జిల్లా, తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం. మిలటరీ మాధవరం అంటే అందరికీ తెలుసు. మా ఊళ్లో దాదాపు ప్రతి ఇంట్లో ఒకరు సైన్యంలో పనిచేసినవాళ్లో, చేస్తున్నవాళ్లో ఉంటారు. రెండు ప్రపంచ యుద్ధాలకూ వెళ్లినవాళ్ల వంశాలు ఇంకా ఉన్నాయి. ప్రస్తుతం న్యూజెర్సీలో మా అమ్మాయి దగ్గర ఉన్నాను. అల్లుడుగారు ఒక ఆటకు తీసుకెళ్లారు, అదీ ఇలాంటి సైనికుల రోజే.

విమానాలు వచ్చినప్పుడు నా ఒళ్లు పులకరించింది, దాచుకోను. తర్వాత ఒక వృద్ధ సైనికుణ్ణి తెర మీద చూపించారు. అందరూ లేచారు, నేను సెల్యూట్ చేశాను. ఆయన ఇంకా చెయ్యి ఊపుతూనే ఉన్నాడు, తెర మీద పిజ్జా ప్రకటన వచ్చేసింది. ఆయన చెయ్యి గాల్లో ఉండగానే జనం కూర్చున్నారు. నాకు చివుక్కుమంది. ఆయన ఏ యుద్ధంలో పనిచేశాడు, ఏం చేశాడు అన్నది అరనిమిషంలో చదివేశారు. పక్కనున్న కుర్రాణ్ణి ఆయన పేరేమిటని అడిగితే చెప్పలేకపోయాడు.

అయినా కుర్రోడు బాబూ, ఒక మాట. ఈ దేశంలో 1973 నుంచి నిర్బంధ సైనిక సేవ లేదు. ఇష్టపడి వచ్చేవాళ్లతోనే సైన్యం నడవాలి. అప్పుడు కుర్రాళ్లు ఉన్నచోటికి వెళ్లి పిలవాలి కదా. మా రోజుల్లో రిక్రూట్‌మెంట్ ర్యాలీకి బ్యాండు మేళంతో వచ్చేవారు. పిలవడం తప్పు కాదు. అది పిలుపని చెప్పి పిలవాలి, అంతే.

గోదావరి_కుర్రోడు

సుబేదార్ గారూ, నేను చెప్పాలనుకున్నది మీరే చెప్పేశారు. ఇక్కడ అసలు తంటా ఏమిటంటే, చాలాకాలం అది పిలుపని చెప్పలేదు.

2015 నవంబర్‌లో అరిజోనా సెనేటర్లు జాన్ మెకెయిన్, జెఫ్ ఫ్లేక్ ఒక నివేదిక బయటపెట్టారు. రక్షణ శాఖ కొన్నేళ్లలో 50 ప్రొఫెషనల్ జట్లకు ఇలాంటి ‘వందనాల’ కోసం 68 లక్షల డాలర్ల దాకా ఇచ్చిందని అందులో లెక్క తేల్చారు. ఫుట్‌బాల్, బేస్‌బాల్, హాకీ అన్నీ ఉన్నాయి. సైనికుణ్ణి మైదానంలోకి పిలిచి చప్పట్లు కొట్టించడం, జెండా పరచడం, సైన్యంలో కొత్తగా చేరేవాళ్ల చేత ప్రమాణ స్వీకారం చేయించడం వంటివన్నీ కాంట్రాక్టుల్లో అంశాలుగా రాసుకున్నారు. వాటిలో నన్ను కదిలించింది ఒకటుంది. ఆదివారాల్లో ‘గాడ్ బ్లెస్ అమెరికా’ పాటను స్పాన్సర్ చేయడానికి మిల్వాకీ బ్రూవర్స్‌కు విస్కాన్సిన్ ఆర్మీ నేషనల్ గార్డ్ 49,000 డాలర్లు ఇచ్చింది. లేచి నిలబడి, టోపీ తీసి, గుండె మీద చెయ్యి వేసుకుని పాడినవాళ్లలో ఎవరికీ తెలియదు, తాము స్పాన్సర్ చేసిన స్లాట్‌లో నిలబడ్డామని.

మెకెయిన్ ఎవరో గుర్తు చేస్తాను. నేవీ పైలట్. వియత్నాంలో విమానం కూలి ఐదున్నరేళ్లు ఖైదీగా ఉన్నవాడు. యుద్ధ వ్యతిరేకి కాదు, లెఫ్టిస్టు కాదు, రిపబ్లికన్. ఆయనకే వెగటు పుట్టింది. ఈ గొడవతో రక్షణ శాఖ ఇలాంటి చెల్లింపులు ఆపింది. ఫుట్‌బాల్ లీగ్ ఏడు లక్షల డాలర్లకు పైగా వెనక్కిచ్చింది.

పద్మజ గారూ, ఆ ముసలావిడ మీ చెయ్యి పట్టుకున్నందుకు ఎవరూ బిల్లు పంపలేదు. నేను దాన్ని కాదనడం లేదు. ఆ చెయ్యి పట్టుకునే మనసును ఎవరో చదరపు అడుగుల లెక్కన అమ్ముకున్నారు చూడండి, దాన్ని అంటున్నాను.

చీమకుర్తి_శ్రీధర్

అమెరికా వాళ్లను అంటున్నాం గానీ మనం తక్కువ తిన్నామా? 2019 మార్చి 8, రాంచీ. పుల్వామా తర్వాత మనవాళ్లు ఆస్ట్రేలియా మీద సైనిక టోపీలు పెట్టుకుని ఆడారు. ధోనీ చేతుల మీదుగా టోపీలు పంచారు, ఆయన టెరిటోరియల్ ఆర్మీలో గౌరవ లెఫ్టినెంట్ కల్నల్. మ్యాచ్ ఫీజులు జాతీయ రక్షణ నిధికి ఇచ్చారు. మ్యాచ్ ఓడిపోయాం, అది వేరే సంగతి. 2023 వరల్డ్ కప్ ఫైనల్‌కు అహ్మదాబాద్‌లో సూర్యకిరణ్ విమానాలు వచ్చాయి. అదీ ఓడిపోయాం. విమానాలు రాకపోతే గెలుస్తామేమో ఎవరైనా ఆలోచించండి.

జోక్ పక్కన పెడితే, రాంచీలో టోపీలు నాకు నచ్చాయి. ఒకసారి చేశారు, కారణం ఉంది, జేబులోంచి డబ్బు తీసి ఇచ్చారు. ప్రతి ఆదివారం చేస్తే ఆ విలువ ఉండేదా?

నల్గొండ_వేణు

ప్రతి ఆదివారం కాదు శ్రీధరన్నా, ప్రతిరోజూ చేసేవాళ్లున్నారు. కరీంనగర్ జిల్లా జమ్మికుంటలో 2017 ఆగస్టు 15 నుంచి రోజూ ఉదయం 7.54కు మైకుల్లో జనగణమన వస్తుంది. స్థానిక పోలీసులు మొదలుపెట్టారు. స్కూటర్ మీద పోయేవాడు ఆగుతాడు, కూరగాయలమ్మే ఆమె లేచి నిలబడుతుంది. ఆ తర్వాత మా నల్గొండలోనూ మొదలైంది. నేను చూశాను. 52 సెకన్లు ఊరంతా ఒక్కటిగా ఆగితే ఏదో ఉంటుంది, ఎగతాళి చేసేది కాదు. ఎవరూ డబ్బు తీసుకోలేదు, టికెట్ లేదు, నాచోస్ లేవు.

రోజూ చేస్తే విలువ పోతుందంటే మరి రోజూ దీపం ఎందుకు పెడుతున్నాం? అలవాటు పడితేనే మనుషులు కలుస్తారు. బేస్‌బాల్‌లో ఏడాదికి ఒక జట్టు 162 ఆటలు ఆడుతుంది. పనినుంచి వచ్చి, పక్కవాడి కులం, మతం, పార్టీ తెలియకుండా అందరూ ఒకేసారి లేచి నిలబడే చోటు ఈ దేశంలో ఇంకెక్కడుంది? గుడికి పోయేవాడు గుడికి, చర్చికి పోయేవాడు చర్చికి. మిగిలింది స్టేడియమే.

లాయరమ్మ

వేణు గారూ, 7.54కు ఒకాయన ఆగకుండా పోతే ఏమవుతుంది? ఊరు కలవడం నాకూ ఇష్టమే. కలవనివాడితో ఊరు ఎలా ఉంటుందన్నది చూస్తాను.

మనకు ఈ అనుభవం ఉంది. 2016 నవంబర్‌లో సుప్రీంకోర్టు సినిమా హాళ్లలో జాతీయగీతం తప్పనిసరి చేసింది. లేవనివాళ్లను పక్కసీట్లవాళ్లు కొట్టిన వార్తలు చదివాం. 2018 జనవరిలో అదే కోర్టు తప్పనిసరి కాదంది. అంతకుముందు 1986లో, కేరళలో గీతం పాడకుండా మర్యాదగా నిలబడ్డ ముగ్గురు పిల్లల్ని బడి నుంచి తీసేస్తే అది చెల్లదని చెప్పింది కూడా సుప్రీంకోర్టే.

ఇక్కడికి వద్దాం. 2001 తర్వాత న్యూయార్క్‌లోని యాంకీ స్టేడియంలో ‘గాడ్ బ్లెస్ అమెరికా’ ప్రతి ఆటలోనూ పాడటం మొదలైంది. పాట సాగినంతసేపు జనం కదలకుండా నడవలకు గొలుసులు అడ్డం పెడుతున్నారని పత్రికలు రాశాయి. 2008లో ఒక ప్రేక్షకుడు ఆ సమయంలో బాత్రూంకు వెళ్లబోతే పోలీసులు బయటికి పంపేశారని 2009లో కేసు వేశాడు. ఆ ఏడే రాజీ కుదిరింది. న్యూయార్క్ నగరం ఆయనకు 10,001 డాలర్లు కట్టింది. పాట సమయంలో జనం కదలకూడదన్న నియమమేదీ లేదని క్లబ్ చెప్పాల్సి వచ్చింది. మీరు గమనించండి, అది జాతీయగీతం కూడా కాదు.

పెద్ద జెండా సంగతి. అమెరికా జెండా నియమావళిలో స్పష్టంగా ఉంది, జెండాను అడ్డంగా పరిచి మోయకూడదు, ఎప్పుడూ పైకి ఎగిరేలా ఉండాలి అని. శిక్షలేమీ లేవు, అది మార్గదర్శకం మాత్రమే. కానీ గౌరవం పేరుతో మైదానమంతా పరిచేది ఆ గౌరవ నియమానికే విరుద్ధం. మన పిల్లల చేత చేయించబోయేది అదే.

పద్మజ_శాన్‌డియాగో

నియమావళి సరే అమ్మా. నిలబడ్డ మనుషుల్ని కూడా చూడండి. 2001 సెప్టెంబర్ 21, షే స్టేడియం. దాడులు జరిగిన పది రోజులకు న్యూయార్క్‌లో మొదటి ఆట. మెట్స్ ఆటగాళ్లు ఫైర్, పోలీసు శాఖల టోపీలు పెట్టుకున్నారు. ఎనిమిదో ఇన్నింగ్‌లో మైక్ పియాజా కొట్టిన హోమ్ రన్‌తో జట్టు గెలిచింది. ఆ రాత్రి అక్కడున్నవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. పది రోజుల తర్వాత మొదటిసారి గట్టిగా అరిచాం, పక్కవాణ్ణి కౌగిలించుకున్నాం అని. నవ్వడానికి కూడా భయపడుతున్న ఊరికి ఆట ఆ అనుమతి ఇచ్చింది.

1976లో డాడ్జర్ స్టేడియంలో ఇద్దరు మైదానంలోకి దూకి జెండా తగలబెట్టబోతే కబ్స్ ఆటగాడు రిక్ మండే పరుగెత్తుకెళ్లి లాక్కున్నాడు. ఆయన మెరైన్ రిజర్వ్‌లో పనిచేసినవాడు. జనం వాళ్లంతట వాళ్లే పాట అందుకున్నారు. ఏ కాంట్రాక్టులో రాశారు అది?

గోదావరి_కుర్రోడు

ఏ కాంట్రాక్టులోనూ రాయలేదు పద్మజ గారూ, అందుకే 50 ఏళ్లయినా చెప్పుకుంటున్నాం. మిల్వాకీ ఆదివారాల్లో ఒక్కటైనా ఎవరికైనా గుర్తుందా?

నా ఇబ్బంది ఇదీ. ఈ ఆటలో ఒకసారి మొదలుపెట్టింది ఆపడం ఎవరి తరమూ కావడం లేదు. 1954లో బాల్టిమోర్ ఓరియోల్స్ జనరల్ మేనేజర్ ఆర్థర్ ఎహ్లర్స్, జాతీయగీతాన్ని రోజూ కాకుండా ప్రత్యేక సందర్భాల్లోనే వాయిద్దామన్నాడు. ఆయన మొదటి ప్రపంచ యుద్ధంలో పనిచేసినవాడు. పాట నడుస్తుంటే జనం నవ్వుకుంటూ మాట్లాడుకుంటున్నారని, రోజూ వింటే లోకువైపోతుందని ఆయన బాధ. ఊరు ఊరంతా విరుచుకుపడింది. మరి ఆ పాట పుట్టింది ఆ ఊళ్లోనే, ఫోర్ట్ మెక్‌హెన్రీ దగ్గర. నెల తిరిగేసరికి మళ్లీ రోజూ వాయించారు. ఇప్పుడు అదే బాల్టిమోర్‌లో గీతం చివర్లో జనమంతా జట్టు పేరులోని ‘ఓ’ను గొంతు చించుకుని అరుస్తారు. అది అగౌరవం కాదట!

పియాజా రాత్రి నిజం. దాన్ని పట్టుకుని పాతికేళ్లుగా పాడుతూనే ఉంటే, 2001లో పుట్టని పిల్లలు ‘ఇప్పుడెందుకు లేవాలి’ అని అడిగితే ఏం చెప్తాం?

శ్రీధరన్న విమానాల మాట ఎత్తాడు గనక ఒకటి. 2022 ఏప్రిల్ 20న వాషింగ్టన్‌లో నేషనల్స్ పార్క్ స్టేడియంలో సైనికుల రాత్రి. ఆర్మీ పారాచూట్ బృందం విమానంలో వచ్చి మైదానంలోకి దూకారు. విమానయానాన్ని నియంత్రించే ప్రభుత్వ సంస్థ వాళ్లు ఆ సంగతి కాపిటల్ పోలీసులకు చెప్పలేదు. ముప్పు తెచ్చే విమానం కావొచ్చని అమెరికా పార్లమెంటు భవనాన్నే ఖాళీ చేయించారు.

చిన్నా_98

ఇది మాత్రం తెలుగు సినిమా కామెడీ ట్రాక్.

సరే, సీరియస్‌గా ఒకటి చెప్తాను. మీరందరూ సిటిజన్లో, గ్రీన్ కార్డో. నేను హెచ్‌1బీ. మీకిది చర్చ, నాకు టెన్షన్. ఏడో ఇన్నింగ్‌లో నేను ఫోన్ చూసుకుంటూ కూర్చుంటే వెనక ఎవడో వీడియో తీస్తే? అందుకే అందరికన్నా ముందు నేనే లేస్తాను, గుండె మీద చెయ్యి కూడా వేసుకుంటాను. అది దేశభక్తి కాదు, వీసా భక్తి. మొన్న ఒక స్టేడియంలో మా అమ్మకు మోకాళ్ల నొప్పి వల్ల లేవడం ఆలస్యమైంది. వెనక నుంచి ఒకాయన ఏదో అన్నాడు. అమ్మకు అర్థం కాలేదు, నాకు అర్థమైంది. ఆమె ఏమన్నాడని అడిగితే ‘కొంచెం పక్కకి జరగమంటున్నాడు’ అని చెప్పాను.

నల్గొండ_వేణు

తమ్ముడూ, అలా అన్నవాడు మూర్ఖుడు. ఒక మూర్ఖుడి కోసం మొత్తం జనాన్ని అనకు. మన పిల్లలు ఆ జెండా పట్టుకుని మైదానంలో నిలబడితేనే కదా అలాంటివాళ్లకు తెలిసేది, వీళ్లూ మనవాళ్లే అని? నేను పంపాలనడానికి సగం కారణం అదే.

లాయరమ్మ

వేణు గారూ, ఆ ఆశ మీద నాకు నమ్మకం లేదు. భగత్ సింగ్ తింద్ అని ఒకాయన 1918లో తలపాగాతోనే అమెరికా సైన్యంలో చేరాడు. 1923లో అమెరికా సుప్రీంకోర్టు ఆయన ‘తెల్లవాడు’ కాదు గనక పౌరసత్వం చెల్లదంది. యూనిఫాం వేసుకున్నా లాభం లేకపోయింది. చివరికి 1936లో వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధంలో జపనీస్ అమెరికన్లను ముళ్లకంచె వెనక పెడితే, అరిజోనాలో గిలా రివర్ శిబిరంలో కెనిచి జెనిమురా అనే ఆయన ఎడారిలో సొంత చేతులతో బేస్‌బాల్ మైదానం కట్టి ఆడించాడు. అంతకన్నా అమెరికన్ పని ఏముంటుంది? కంచె తియ్యలేదు.

జాకీ రాబిన్సన్ సంగతి అందరికీ తెలుసు, పెద్ద లీగ్‌లో నల్లజాతివాళ్లకు తలుపు తెరిచిన ఆటగాడు. ఆర్మీలో సెకండ్ లెఫ్టినెంట్. 1944లో బస్సులో వెనక్కి వెళ్లనన్నందుకు కోర్ట్ మార్షల్ పెడితే నిర్దోషిగా బయటికొచ్చాడు. ఈ ఆటకే దేవుడు లాంటివాడు, అన్ని జట్లూ ఆయన 42 నంబరును పక్కన పెట్టేశాయి. ఆయన 1972లో తన ఆత్మకథలో రాశాడు, గీతానికి లేచి నిలబడి పాడలేనని, జెండాకు సెల్యూట్ చేయలేనని. 2017లో ఓక్లాండ్ క్యాచర్ బ్రూస్ మాక్స్‌వెల్ గీతం సమయంలో నిరసనగా మోకాలి మీద కూర్చున్నాడు. ఆయన జర్మనీలో సైనిక స్థావరంలో పుట్టాడు, తండ్రి ఆర్మీ. వీళ్ల దేశభక్తికి మీరు నేను మార్కులు వేస్తామా?

మన పిల్లలు ‘మనవాళ్లే’ అని రుజువు చేసుకోవడానికి జెండా పట్టుకోకూడదు. ఇష్టమై పట్టుకుంటే పట్టుకోనివ్వండి.

రిటైర్డ్_సుబేదార్

చిన్నా బాబూ, అమ్మగారి మోకాళ్ల మాట చదివాను. నావీ అవే మోకాళ్లు. ఆ స్టేడియంలో నేను లేస్తే జనం మెచ్చుకున్నారు, ఆమె లేవకపోతే మాట అన్నారు. వాళ్లకు మా ఇద్దరి గురించీ ఏమీ తెలియదు.

2004లో కార్లోస్ డెల్గాడో అనే ఆటగాడు ఇరాక్ యుద్ధానికి నిరసనగా ‘గాడ్ బ్లెస్ అమెరికా’ సమయంలో బయటికి రాకుండా ఆటగాళ్లు కూర్చునే డగౌట్‌లోనే ఉండిపోయేవాడట. అల్లుడుగారు చెప్పారు. సొంత గడ్డ ప్యూర్టో రికోలో నేవీ వాళ్లు బాంబులు వేసి సాధన చేసిన వియెకెస్ దీవి గురించి కూడా ఆయన పోరాడాడు. యాంకీ స్టేడియంలో గోల చేశారట. తర్వాత మెట్స్‌కు మారినప్పుడు క్లబ్ నియమం ప్రకారం లేచి నిలబడ్డాడు. ఆయన అభిప్రాయంతో నాకు పని లేదు. కానీ సైనికుడిగా చెప్తున్నాను, క్లబ్ నియమం కోసం నిలబడ్డ మనిషి వందనం నాకు అక్కర్లేదు. లోపల కూర్చున్నప్పుడే ఆయన యుద్ధం గురించి ఆలోచించాడు. మిగతా వేలమంది ఆలోచించారో లేదో నాకు తెలియదు.

పిల్లల విషయంలో నా మాట: వెళ్లనివ్వండి. మైదానం మధ్యలో నిలబడితే పిల్లలకు అదొక పండగ. కానీ ఎందుకు పట్టుకుంటున్నారో ముందు ఇంట్లో చెప్పండి. పద్మజమ్మ అబ్బాయి గురించి చెప్పండి.

పద్మజ_శాన్‌డియాగో

థాంక్యూ బాబాయ్ గారూ. పిక్నిక్‌లో కూడా చెప్పండి, ఇంజనీరింగ్ సీటు వచ్చే వదులుకున్నాడని.

రవి_కమిటీ

అందరూ చెప్పింది చదివాక కమిటీ ముందు ఇది పెడతాను. ఆట తేదీ మార్చం. జెండా పట్టుకోవడం మాత్రం అందరికీ కలిపి ఒప్పుకోం. ఏ పిల్లల పేర్లు తల్లిదండ్రులు ఇస్తే వాళ్లే వెళ్తారు. పేరు ఇవ్వనివాళ్లను గ్రూపులో ఎవరూ ఎందుకని అడగకూడదు. కూర్చునేవాళ్లు కూర్చోవచ్చు, మా బ్లాక్‌లో ఎవరైనా మాట అంటే నేను మాట్లాడతాను. ఎవరికైనా అభ్యంతరమా?

గోదావరి_కుర్రోడు

‘ఎవరూ అడగకూడదు’ అని రాసినంత మాత్రాన అడగడం మానేస్తారా అన్నా? మైదానంలో ఇరవైమంది పిల్లలు ఉంటారు, స్టాండ్‌లో ఇద్దరు మిగులుతారు. ఫొటో ఫేస్‌బుక్‌లో పడుతుంది. ఆ ఇద్దరి అమ్మానాన్నలకు ఏమీ అనిపించదంటారా? నా ఓటు ఇంకా వద్దనే.

నల్గొండ_వేణు

నాది కావాలనే. మా ఇద్దరు పిల్లల పేర్లు రాసుకో రవీ.

లాయరమ్మ

రవి గారూ, పేర్లు తీసుకునే ముందు క్లబ్ గ్రూప్ సేల్స్ వాళ్లకు ఒక ఈమెయిల్ పంపండి, మూడు ప్రశ్నలు. ఆ సాయంత్రం సైనిక కార్యక్రమానికి స్పాన్సర్ ఎవరు, ప్రభుత్వ డబ్బు ఉందా? జెండా పట్టుకున్న పిల్లల వీడియోను ఎవరెవరు ప్రకటనల్లో వాడుకోవచ్చు, మనం సంతకం పెట్టే కాగితంలో ఏముంది? ఏడో ఇన్నింగ్‌లో బాత్రూంకు వెళ్లొచ్చా? మూడోది వాళ్లకు నవ్వులాటగా అనిపిస్తుంది, అయినా రాయించుకోండి. చిన్నా వాళ్ల అమ్మగారు మా వరసలో నా పక్కన కూర్చుంటారు. జవాబు వచ్చాక మా పాప సంగతి చెప్తాను. దానికి జెండా కన్నా విమానాల మీదే మోజు.